ఛానెల్ చేతులు మారితే పాత బాకీ ఎవరిది?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గుంటూరులో ఆరేళ్లుగా ఒక ఫ్రీ న్యూస్ ఛానెల్‌కి స్ట్రింగర్‌గా, అంటే ఉద్యోగి కాని విలేకరిగా, చేస్తున్నావు, ఆ ఛానెల్ ఎవరో రియల్ ఎస్టేట్ ఆయన చేతికి పోతోందని అరండల్‌పేటలో టీ కొట్టు దగ్గర అందరూ అంటున్నారు, నీకు ఐదు నెలల డబ్బులు రావాలి, పండక్కి బుక్ చేసిన యాడ్స్ డబ్బు కూడా మధ్యలో ఇరుక్కుంది. హైదరాబాద్ డెస్క్‌కి ఫోన్ చేస్తే "కంగారేం లేదు, అంతా మామూలే" అంటున్నారు. నువ్వడిగింది మూడు. పాత బాకీ ఎవరిస్తారు, లోగో, అంటే మైకు మీద ఛానెల్ గుర్తు, నీ చేతిలో ఉంటుందా, అసలు ఈ ఫ్రీ ఛానెళ్లు ఎందుకిలా చేతులు మారుతూనే ఉంటాయి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. 1993లో విజయవాడ సత్యనారాయణపురంలో డాబా మీద డిష్ పెట్టి, స్తంభాల మీంచి వైర్లు లాగి కేబుల్ వేసినవాణ్ణి. ఆ తర్వాత పదిహేనేళ్లు ఛానెళ్ల తరఫున కోస్తా జిల్లాల్లో డిస్ట్రిబ్యూషన్ చూశాను, అంటే ఎంఎస్‌ఓల (ఊళ్లలో కేబుల్ వాళ్లకి ఛానెళ్లు అందించే పెద్ద కంపెనీల) చుట్టూ తిరిగి "మా ఛానెల్ పెట్టండి బాబూ" అని బతిమాలే ఉద్యోగం. అందులో ఉండగానే మూడు ఛానెళ్లు చేతులు మారడం లోపలి నుంచి చూశాను. ఒకదాంట్లో నా డబ్బే పోయింది. అది తర్వాత చెప్తా.

ముందు మూడో ప్రశ్న. అది తెలిస్తే మిగతా రెండూ వాటంతట అవే తేలతాయి.

ఫ్రీ టు ఎయిర్ అంటే జనం ఊరికే చూస్తున్నారని కాదు. ఇంటికి నెలకి రెండొందలో మూడొందలో కేబుల్ వాడికి కడుతూనే ఉన్నారు. ఆ డబ్బులో నీ ఛానెల్‌కి ఒక్క పైసా రాదు, అదీ ఫ్రీ అంటే. 2019 ఫిబ్రవరిలో టీవీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ పెట్టినప్పుడు వంద ఛానెళ్లకి 130 రూపాయలు, పైన జీఎస్టీ అన్నారు గుర్తుందా? అలాంటి డబ్బంతా కేబుల్ వాడికీ ఎంఎస్‌ఓకీ పోతుంది. పే ఛానెల్ అయితే దాని రేటు దానికి వేరే ఉంటుంది, అందులో వాటా వస్తుంది. ఫ్రీ ఛానెల్‌కి యాడ్స్ తప్ప వేరే ఆదాయం లేదు. ఖర్చులు మాత్రం అన్నీ ఉంటాయి. శాటిలైట్ అద్దె, దానికి సిగ్నల్ పంపే టెలిపోర్టు, హైదరాబాద్‌లో బిల్డింగు, యాంకర్ల జీతాలు, వీటన్నిటి తర్వాత క్యారేజ్, అంటే ఛానెల్‌ని తన కేబుల్లో పెట్టినందుకు ఎంఎస్‌ఓకి ఛానెల్ కట్టే డబ్బు.

ఈ క్యారేజ్ సంగతి బయటివాళ్లకి చెబితే నమ్మరు. మన విజయవాడ గాంధీనగర్ సినిమా వాళ్లకైతే చటుక్కున అర్థమవుతుంది. సినిమా ఆడినా ఆడకపోయినా థియేటర్ అద్దె కట్టాల్సిందే కదా, ఇదీ అంతే. రూల్ ప్రకారం మామూలు ఛానెల్‌కి ఒక సెట్‌టాప్ బాక్సుకి నెలకి 20 పైసలు మించి ఎంఎస్‌ఓ తీసుకోకూడదు, తన కస్టమర్లలో ఇరవై శాతం మంది ఆ ఛానెల్ తీసుకుంటుంటే అసలు తీసుకోకూడదు. పది లక్షల బాక్సులున్న ఎంఎస్‌ఓ దగ్గర 20 పైసలంటే నెలకి రెండు లక్షలు. కాగితం మీద అదేం పెద్ద మొత్తం కాదు. కానీ నేను ఫీల్డులో ఉన్నప్పుడు అసలు డబ్బు "ప్లేస్‌మెంట్" అనీ "మార్కెటింగ్" అనీ వేరే పేర్లతో నడిచేది, మంచి నంబరు కావాలంటే ఒక రేటు, బాక్సు ఆన్ చేయగానే మీ ఛానెలే కనపడాలంటే ఇంకో రేటు. ఇచ్చేవాడు మానేస్తే మర్నాటికి మీ ఛానెల్ ఎక్కడో ఆరొందల నంబర్లోకి పోయేది. అక్కడికి ఎవడూ రాడు.

దీని మీద మనకి ఇంకో జబ్బుంది. ప్రభుత్వం మారిందంటే కేబుల్లో కొన్ని ఛానెళ్లు మాయమవుతాయి. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. 2019 తర్వాత మన దగ్గర ఏబీఎన్, టీవీ5 చాలా చోట్ల కనపడలేదు. 2024 జూన్‌లో మళ్లీ ఇక్కడే టీవీ9, ఎన్‌టీవీ, సాక్షి వంతు వచ్చింది, టీవీ9 విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి కోర్టు పునరుద్ధరించమనాల్సి వచ్చింది. ఏ పార్టీ వాడు బాధితుడు అనే చర్చ నాకొద్దు, అందరికీ వంతులవారీగా అయింది. నేను చెప్పేదేంటంటే, పే ఛానెల్ అయితే "మా సీరియల్ ఏదీ" అని ఇంట్లో ఆడవాళ్లు కేబుల్ కుర్రాణ్ణి నిలదీస్తారు. న్యూస్ ఛానెల్ ఒకటి పోతే పక్క ఛానెల్ చూస్తారు. నెల రోజులు కేబుల్లో లేకపోతే యాడ్ ఇచ్చేవాడు రిలీజ్ ఆర్డర్ (యాడ్ వేయమనే కాగితం) ఆపేస్తాడు, ఉన్న ఒక్క ఆదాయమూ పోతుంది. పెద్ద ఛానెల్ తట్టుకుంటుంది. చిన్నది తట్టుకోలేదు.

కాబట్టి ఫ్రీ న్యూస్ ఛానెల్ అనేది ఎప్పుడూ ఓనర్ జేబు మీద నడుస్తుంది. ఆ ఓనర్‌కి వేరే వ్యాపారం ఉంటుంది, కాంట్రాక్టులో, కాలేజీలో, ప్లాట్లో. ఆ వ్యాపారం బాగున్నంతకాలం ఛానెల్ బాగుంటుంది. అది దెబ్బతింటే మొదట ఆగేది స్ట్రింగర్ డబ్బు, ఆ తర్వాత జిల్లా ఆఫీసు అద్దె, ఆ తర్వాత క్యారేజ్, చివరికి డెస్క్ జీతాలు. నీకు ఐదు నెలలు ఆగిందన్నావు. అంటే అమ్మకం మాట ఈ వారం పుట్టింది కాదు, అయిదు నెలల కిందటే మొదలైంది. నీకు ఇప్పుడు వినపడింది, అంతే.

వినోదం ఛానెళ్ల కథ వేరు. అక్కడ కొనేవాడు లాభం చూసి కొంటాడు. మా టీవీ 2002లో మొదలైంది, తర్వాత నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ లాంటివాళ్ల వాటాలతో నడిచింది, 2015లో దాని ప్రసార వ్యాపారాన్ని స్టార్ ఇండియా తీసుకుంది. 2019లో స్టార్ డిస్నీ చేతికి పోయింది, 2024 నవంబర్లో మన దేశంలోని రిలయన్స్, డిస్నీ మీడియా వ్యాపారాలు కలిసి జియోస్టార్ అయ్యాయి. మన అత్తలూ పిన్నులూ చూసే సీరియల్ ఆగిందా? లేదు. పదేళ్లలో పైన ఓనర్లు ఇన్నిసార్లు మారినా సాయంత్రం సీరియల్ టైముకి వస్తూనే ఉంది. ఈటీవీ సంగతి ఇంకా తమాషా. 1995లో రామోజీరావుగారు పెట్టింది, ఆ తర్వాత కన్నడ, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒడియా, ఉర్దూ, హిందీ రాష్ట్రాల ఛానెళ్లు చాలా పెట్టారు. 2012 జనవరిలో టీవీ18 అనే మీడియా కంపెనీతో ఒప్పందం ప్రకటించారు, 2014కి అయింది. బయటి రాష్ట్రాల న్యూస్ ఛానెళ్లు పూర్తిగా వాళ్లకి, వినోదం ఛానెళ్లలో సగం వాళ్లకి, తెలుగు ఛానెళ్లలో మాత్రం 24.5 శాతమే. పగ్గాలు ఇక్కడే ఉన్నాయి. ఈటీవీ కన్నడ కాస్తా కలర్స్ కన్నడ అయింది, మనకి ఈటీవీ ఈటీవీగానే ఉంది. విజయవాడలో నేనడిగితే పది మందిలో తొమ్మిది మందికి ఈ 24.5 సంగతే తెలీదు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకి వద్దాం. అసలు "ఛానెల్ అమ్మారు" అనే మాటే తప్పుదారి పట్టిస్తుంది. అమ్మకంలో రకాలున్నాయి, నీ డబ్బు వస్తుందో రాదో తేల్చేది అదే.

ఒకటి, కంపెనీ షేర్లు అమ్మడం. ఛానెల్ నడిపే కంపెనీ అదే, దాని పాన్ అదే, బ్యాంకు ఖాతా అదే, షేర్లు పట్టుకున్న మనుషులే వేరు. టీవీ9 విషయంలో జరిగింది ఇదే. 2018 ఆగస్టులో అలందా మీడియా అనే కంపెనీ తొంభై శాతం పైన వాటా కొంది, అప్పటి సీఈఓ రవిప్రకాష్‌ని పక్కన పెట్టింది 2019 మేలో. మధ్యలో ఎనిమిది నెలల పైనే గడిచాయి, చూశావా? న్యూస్ ఛానెల్ కంపెనీలో కొత్త డైరెక్టర్లు కూర్చోవాలంటే కేంద్ర సమాచార ప్రసార శాఖ అనుమతి కావాలి, హోం శాఖ సెక్యూరిటీ క్లియరెన్సు రావాలి. కొన్నంత మాత్రాన మర్నాడే వచ్చి కుర్చీలో కూర్చోవడం కుదరదు. షేర్ల అమ్మకంలో నీకో మంచి సంగతి ఉంది: బాకీ కంపెనీది, కంపెనీ ఎక్కడికీ పోలేదు, కాబట్టి కొత్త ఓనర్ "అది పాతవాళ్ల బాకీ" అనడానికి వీల్లేదు. అంటాడు. అందరూ అంటారు. కానీ చట్టం ముందు నిలబడదు.

రెండోది, కంపెనీని వదిలేసి వ్యాపారాన్ని మాత్రమే కొనడం. ఛానెల్, లోగో, ప్రోగ్రాముల హక్కులు, సామాను, కొంతమంది ఉద్యోగులు కొత్త కంపెనీకి పోతారు. పాత కంపెనీ ఖాళీ పెట్టెలా మిగులుతుంది. ఏ బాకీలు కొత్తవాడు నెత్తికెత్తుకుంటాడో ఆ అగ్రిమెంటులో జాబితా రాసుకుంటారు. ఆ జాబితాలో గుంటూరు స్ట్రింగర్ ఐదు నెలల డబ్బులు ఉంటాయా అంటే, నువ్వు ముందే కాగితం మీద ఎక్కించుకుంటే ఉండొచ్చు, లేకపోతే ఉండవు. ఆ జాబితా రాసినవాడికి నీ మీద కోపం ఉండి కాదు, నువ్వున్నావని వాడికి తెలీక.

మూడోది మన తెలుగు వాళ్ల సొంత పద్ధతి. అమ్మరు, కొనరు. "నడుపుకో" అని ఇస్తారు. ఛానెల్ నడిపే ప్రభుత్వ పర్మిషన్ ఒకరి పేరు మీద, డబ్బు పెట్టేది ఇంకొకరు, స్టూడియో మూడో ఆయనది. పర్మిషన్ ఇంకొకరికి ఇవ్వాలంటే శాఖ అనుమతి తప్పనిసరి, అయినా నోటి మాట మీద నడిచేవి నడుస్తూనే ఉంటాయి. నా డబ్బు పోయింది ఇలాంటి దాంట్లోనే. ఛానెల్ పేరు అనవసరం. మూడు నెలల క్యారేజ్ డబ్బు అడక్కుండా ఎంఎస్‌ఓని నా పూచీ మీద ఆపించాను, "సార్ వస్తున్నారు, ఇస్తారు" అని. వచ్చిన సారు పాత సారుని చూపించాడు, పాత సారు లీజు కాగితం చూపించాడు, ఆ కాగితం మీద ఉన్న కంపెనీ పేరు నా ఆఫర్ లెటర్ మీద ఉన్నది కాదు. నేను ఎవరి మనిషినో నాకే తెలియని పరిస్థితి! ఎంఎస్‌ఓ ఆయన బెంజ్ సర్కిల్లో కనపడితే రెండేళ్లు రోడ్డు దాటి పక్కకి పోయాను. చివరికి మా ఆవిడ గాజులు పెట్టి సర్దాను.

ఇవి కాక అప్పు దారి ఒకటుంది, అది పైకి అమ్మకంలా కనపడదు. ఎన్‌డీటీవీ విషయం చూడు. 2009లో దాని యజమానుల కంపెనీ దాదాపు 400 కోట్లు ఒక సంస్థ దగ్గర అప్పు తీసుకుంది, ఆ అప్పుని షేర్లుగా మార్చుకునే హక్కు ఆ సంస్థకి రాసిచ్చింది. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఆ అప్పిచ్చిన సంస్థనే కొని, ఆ హక్కు వాడుకుని, 29.18 శాతం వాటా తెచ్చుకుంది. డిసెంబరుకి మెజారిటీ వాళ్లదే. సంతకం పెట్టిన పదమూడేళ్లకి ఛానెల్ చేతులు మారింది. మన దగ్గర చిన్న ఛానెళ్లలో ఇదే జరుగుతుంది, కోట్లకి బదులు లక్షలు, పెద్ద అగ్రిమెంటుకి బదులు ప్రామిసరీ నోటు.

మరి నీది వీటిలో ఏది? హైదరాబాద్ వాళ్లని అడిగి లాభం లేదు, వాళ్లకీ తెలీదు, తెలిసినా చెప్పరు. నువ్వే చూసుకోవచ్చు. నీకు డబ్బు ఇచ్చేటప్పుడు టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటారు కదా, ఇన్‌కమ్ ట్యాక్స్ సైటులో నీ ఫారం 26ఏఎస్ తీయి. అందులో కోసినవాడి పేరు ఉంటుంది. ఛానెల్ పేరు కాదు, కంపెనీ పేరు. నీ బాకీదారు ఆ కంపెనీ. ఆ పేరు పట్టుకుని సమాచార ప్రసార శాఖ సైటులో పర్మిషన్ ఉన్న ఛానెళ్ల జాబితా చూడు, మీ ఛానెల్ ఎదురుగా అదే కంపెనీ పేరుందా, వేరే ఉందా. రెండూ ఒకటే అయితే గండం సగం గడిచినట్టే. వేరైతే నాకు జరిగిందే నీకూ జరగబోతోంది, తొందరపడు. తర్వాత కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో ఆ పేరు కొట్టి డైరెక్టర్లు ఎవరో, బ్యాంకులకి ఏమేం తాకట్టు పెట్టారో చూడు, అది ఊరికే కనపడుతుంది. బ్యాలెన్స్ షీటు లాంటి కాగితాలు చూడాలంటే వంద రూపాయలు కట్టాలి. ఆ వందకి వెనకాడకు, మిర్చి యార్డు దగ్గర రెండు టీలూ నాలుగు బజ్జీలూ మానెయ్.

ఇది అయ్యాక ఒక లెక్క రాయి. ఏ తేదీన ఏ స్టోరీ పంపావు, ఏది ప్రసారమైంది, నెలకి ఎంత, ఏ నెల నుంచి రాలేదు. దాన్ని డెస్క్ వాట్సాప్ గ్రూపులో పెట్టకు, అక్కడ పెడితే గొడవ అవుతుంది తప్ప పని అవదు. కంపెనీ అధికారిక మెయిల్‌కి పంపు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసుకి అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టు వెయ్యి. మాట మర్యాదగా ఉండాలి, "ఈ తేదీ వరకు నాకు ఇంత రావాలి, ఖరారు చేయగలరు" అని, అంతే. అకౌంట్స్ నుంచి "పరిశీలిస్తున్నాం, ఇంత పెండింగ్ ఉంది" అని ఒక్క లైను జవాబు వచ్చినా అది నీకు బంగారం. డబ్బు బాకీకి కోర్టుకెళ్లడానికి గడువు మూడేళ్లు, ఆ గడువులోపు వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడేళ్లూ మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. లాయర్ ఫీజు ఎందుకులే అనుకుంటే గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్లు, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. ఒకవేళ ఆ కంపెనీ దివాలాకి వెళ్లిందని పేపర్లో ప్రకటన కనపడితే మాత్రం అందులో ఇచ్చిన తేదీలోపు నీ క్లెయిమ్ వేసెయ్, బద్ధకిస్తే వరసలో నువ్వుండవు.

పండగ యాడ్స్ విషయం నాకు అసలు టెన్షన్. ఇక్కడ నీకు డబ్బు రావడం ఒక్కటే కాదు, నువ్వే ఇవ్వాల్సి రావచ్చు కూడా. బ్రాడీపేట షాపాయన, లక్ష్మీపురం హాస్పిటలాయన ఛానెల్‌ని చూసి ఇవ్వలేదు, నిన్ను చూసి ఇచ్చారు. డబ్బు కంపెనీ ఖాతాలోకి చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో వెళ్లి ఉంటే, బిల్లు వాళ్లకి ఇచ్చి ఉంటే నీ మీదకి రాదు. నగదు నువ్వు తీసుకుని పంపి ఉంటే మాత్రం పంపిన రుజువు ఇవాళే వెతికి పెట్టుకో. ఇంకా ప్రసారం కాని యాడ్స్ ఉంటే షాపాయనకి నువ్వే ముందుగా చెప్పు, "అన్నా, ఛానెల్లో మార్పులు జరుగుతున్నాయి, పండక్కి వేయిస్తానో లేదో ఖాయం చెప్పలేను" అని. తిట్టినా ఇవాళ తిడతాడు, రేపు ఇంకో లోగో పట్టుకుని వెళ్తే మళ్లీ ఇస్తాడు. కొత్తగా మాత్రం ఉగాదికి అనీ ఎన్నికలకి అనీ ఒక్క రూపాయి అడ్వాన్సు పట్టకు.

లోగో ఉంటుందా అన్నావు. నిజం చెప్పాలంటే కొత్త మేనేజ్‌మెంట్ వచ్చిన రెండు మూడు నెలల్లో జిల్లాల మీద పడతారు. కొత్త ఓనర్‌కి జిల్లాలో తనవాడు ఒకడు ఉంటాడు, వాడికి లోగో కావాలి. పని బాగా చేసేవాణ్ణి తీసేయరు అనుకోకు, పని ఎవరూ చూడరు. చూసేది యాడ్స్ ఎంత తెస్తావు, ఎవరి మనిషివి అని. కానీ ఎన్నికలు దగ్గరుంటే తీయరు, ఫీల్డు తెలిసినవాడు అవసరం కనక. నీ ఆరేళ్ల ఫుటేజీ ఏది నీ దగ్గర ఉందో భద్రంగా పెట్టుకో, అమ్ముకోవడానికి కాదు, నువ్వు చేశావనడానికి సాక్ష్యంగా.

ఇంకోటి, నువ్వడగలేదు కానీ తప్పకుండా ఎదురవుతుంది. కొత్తవాళ్లు పిలిచి "పాతవి మర్చిపో, ఫ్రెష్‌గా మొదలుపెడదాం, డిపాజిట్ ఇంత కట్టు, జిల్లా నీకే ఇస్తాం" అంటారు. దాంతోపాటు "నాకు రావలసినవన్నీ ముట్టాయి" అనే కాగితం మీద సంతకం అడుగుతారు. డబ్బు ముట్టకుండా ఆ సంతకం పెట్టావంటే నేను పైన రాసిందంతా దండగ. డిపాజిట్ ఎవరడిగినా కంపెనీ లెటర్‌హెడ్ మీద రసీదు అడుగు, ఇస్తామంటే ఆ కంపెనీ పేరు 26ఏఎస్‌లో చూసిన పేరుతో పోల్చు, ఇవ్వం అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. లోగో వెనక్కి ఇచ్చేయమంటే ఇచ్చెయ్, కానీ మైకు, లోగో, ఐడీ కార్డు అప్పగించినట్టు తేదీ వేయించి సంతకం తీసుకో. మాచర్ల వైపు ఒక కుర్రాడికి లోగో ఇచ్చేసిన నాలుగు నెలలకి దాంతో ఎవడో వసూళ్లు చేస్తే స్టేషన్‌కి పిలిచింది ఇతన్నే. ఆ చిన్న రసీదే బయటపడేసింది. కంపెనీ పేరు దొరికాక ఇక్కడే రాయి, పేరు కాకపోయినా రెండూ ఒకటేనా వేరా అన్నది రాయి, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెప్తాను.